ఎనిమిది మందిమి, డబ్బు ముగ్గురికే: ఫ్లూ టీకా ఎవరికి ముందు, ఏది, ఎప్పుడు?

"జ్వరం రాకుండానే సూదేటమ్మా?" అని నాన్న అడిగినప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. సరేలే, చూద్దాంలే అని ఊరుకున్నాను. ఆ ఏడు వినాయక చవితి వెళ్ళిన వారానికే ఆయనకి జ్వరం తగిలింది. ఒళ్ళు నొప్పులు తట్టుకోలేకపోతున్నారని ఊళ్ళో ఆర్‌ఎంపీ మూడు రోజులు వరుసగా నొప్పుల ఇంజెక్షన్ చేశాడు. నాన్నది కవిటి మండలం. ఉద్దానంలో చాలా ఇళ్ళలో ఉన్నట్టే మా ఇంట్లోనూ కిడ్నీ జబ్బు ఉంది. కిడ్నీ ఎంత దెబ్బతింటే రక్తంలో అంత పెరిగే క్రియాటినిన్, జ్వరానికి ముందు 2.1 ఉన్నది, జ్వరం తగ్గేసరికి 3.4కి ఎక్కింది. తర్వాత కొంత దిగింది గానీ, పాత చోటికి మాత్రం రాలేదు.

తప్పు జ్వరానిదా, ఇంజెక్షన్‌దా, చూద్దాంలే అన్న నాదా అని చాలా రోజులు మథనపడ్డాను. ఆ తర్వాత నుంచి ఏటా ఎండాకాలం సెలవుల్లో నోటుబుక్కు ముందేసుకుని ఫ్లూ టీకా లెక్క వేస్తున్నాను. నేను డాక్టర్ని కాను, శ్రీకాకుళంలో లెక్కల టీచర్ని. పుట్టిల్లు, అత్తిల్లు కలిపితే మేం ఎనిమిది మందిమి. నాన్న, అమ్మ, హైదరాబాద్‌లో పనిచేసే తమ్ముడు, నెలలు నిండుతున్న మరదలు, నాలుగేళ్ళ మేనల్లుడు, షుగరు ఉన్న మా అత్తయ్య, ఆర్టీసీలో కండక్టరుగా చేసే మా ఆయన, నేను. టీకా ధర నేను అడిగిన చోట్ల ఒక్కొక్కరికి 1,500 నుంచి 2,000 రూపాయల మధ్య చెప్పారు. అందరికీ ఒకేసారి వేయించడం మా జీతాలతో అయ్యే పని కాదు. ఎవరికి ముందు అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. మీ ఇంట్లోనూ ఇదే సమస్య అయితే మా లెక్క ఎలా తేలిందో చూడండి.

రొంపకి ఇంత హడావిడి ఎందుకు?

రొంపకి అక్కర్లేదు. చిక్కేమిటంటే, మనం ముక్కు కారినా ఫ్లూ అంటాం, మంచం పట్టినా ఫ్లూ అంటాం. రొంప మెల్లగా వస్తుంది. గొంతు గరగర, తుమ్ములు, ముక్కు దిబ్బడ, మూడు రోజులు చిరాకు, అంతే. ఫ్లూ అలా కాదు. పొద్దున్న డ్యూటీకి వెళ్ళిన మనిషి సాయంత్రానికి దుప్పటి కప్పుకుని వణుకుతుంటాడు. 102, 103 జ్వరం, తలపోటు, నడుం విరిగినట్టు నొప్పి, పొడి దగ్గు, లేచి నిలబడలేని నీరసం. ముసలివాళ్ళలో మాత్రం జ్వరం అంతగా కనబడకపోవచ్చు. అన్నం మానేసి, మగతగా పడుకుని, మాట తికమకగా చెప్తుంటే అనుమానించాలి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు వారం పదిరోజుల్లో లేచి తిరుగుతారు. మిగతావాళ్ళకే ప్రమాదం. వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా అవుతుంది. లేదా వైరస్ దెబ్బతీసిన చోట బాక్టీరియా చేరి తగ్గిన జ్వరాన్ని మళ్ళీ తిరగబెడుతుంది. షుగరు అదుపు తప్పుతుంది, ఆయాసం ఉన్నవాళ్ళకి అది ముదురుతుంది. గుండె సంగతి నాకు కొత్తగా తెలిసింది. కెనడాలోని ఒంటారియోలో చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఫ్లూ అని పరీక్షలో తేలిన మొదటి వారంలో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు రోజులకంటే ఆరు రెట్లు కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 2,90,000 నుంచి 6,50,000 మంది ఫ్లూ తెచ్చిన శ్వాస ఇబ్బందులతో చనిపోతున్నారు. ఇది మామూలు సంవత్సరాల లెక్క. 1918లో బొంబాయి రేవులో దిగి రైళ్ళెక్కి దేశమంతా పాకిన ఫ్లూ మన దేశంలోనే కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది.

2009లో మనల్ని భయపెట్టిన స్వైన్ ఫ్లూ కూడా ఇప్పుడు ఎక్కడికీ పోలేదు. ఆ హెచ్1ఎన్1 రకం ఏటా తిరిగే మామూలు ఫ్లూల్లో కలిసిపోయింది. దానికి వేరే టీకా అక్కర్లేదు, ఇప్పుడు దొరికే ఫ్లూ టీకాలోనే అదీ ఉంటుంది. కోళ్ళకి వచ్చే బర్డ్ ఫ్లూకి మాత్రం ఈ టీకా పనిచేయదు. కోవిడ్ టీకా వేసుకున్నాం కదా అని కొందరు అంటారు. అది వేరే వైరస్, వేరే టీకా.

టీకానా, వచ్చాక మందు వాడుకోవడమా?

మా ఆయన వాదన ఇది: "వస్తుందో రాదో తెలీని జ్వరానికి ఇప్పుడే రెండు వేలెందుకు? వస్తే మందుంది కదా." మందు ఉన్నమాట నిజమే. దాని పేరు ఒసెల్టామివిర్, మెడికల్ షాపులో టామిఫ్లూ అంటే తెలుస్తుంది. డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాలి. రోజుకు రెండుసార్లు, ఐదు రోజుల కోర్సు. కానీ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే దానితో అసలు లాభం.

ఆ 48 గంటలు మన పల్లెల్లో ఎలా గడుస్తాయో మీకు చెప్పక్కర్లేదు. మొదటి రోజు మిరియాల కషాయం, ఆవిరి. రెండో రోజు ఆర్‌ఎంపీ, ఒక సెలైను. మూడో రోజు పక్కింటావిడ చెప్తే రక్తపరీక్ష. నాలుగో రోజు సోంపేటో, శ్రీకాకుళమో బయల్దేరుతాం. అప్పటికి ఆ మందు రైలు వెళ్ళిపోయి ఉంటుంది. ఆస్పత్రిలో చేరేంత తీవ్రంగా ఉంటే ఆలస్యమైనా డాక్టర్లు ఇస్తారు, ఆ మాట వేరు. కిడ్నీ రోగులకి ఈ మందు డోసు కూడా తగ్గించి ఇవ్వాలి, కాబట్టి పక్కింటివాళ్ళ షీటులో మిగిలిన మాత్రలు వేసుకోవడం కుదరదు.

టీకా పక్షానికి వస్తే, అది రక్షాకవచమేమీ కాదు. ఆ ఏడు తిరిగే వైరస్‌కీ టీకాకీ జత బాగా కుదిరిన సంవత్సరాల్లో ఫ్లూతో డాక్టరు దగ్గరికి పరుగెత్తే అవసరం 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. జత కుదరని ఏడు ఇంకా తక్కువ. లెక్కల టీచరుగా చూస్తే ఇది ఫస్ట్ క్లాసు మార్కేమీ కాదు. కానీ టీకా వేసుకున్నాక కూడా ఫ్లూ వచ్చినవాళ్ళలో జబ్బు ఆస్పత్రిదాకా, ఐసీయూదాకా పోవడం తగ్గుతుంది. క్రియాటినిన్ 2.1 ఉన్న మనిషికి నేను కొంటున్నది అదే. జ్వరం రాకపోవడం అదృష్టం, వచ్చినా తేలిగ్గా పోవడం నాకు చాలు.

మాస్కు, చేతులు కడుక్కోవడం, దగ్గేవాళ్ళు వేరే గదిలో పడుకోవడం అన్నీ మంచివే, ఖర్చు లేనివే. అయితే ఫ్లూ తగిలిన మనిషి లక్షణాలు బయటపడడానికి ఒక రోజు ముందు నుంచే అంటించేస్తాడు. జ్వరం కనబడ్డాక మాస్కు పెట్టుకుంటే సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఇంకో అనుమానం తీర్చాలి. "సూది వేయించుకున్న రాత్రే జ్వరం వచ్చింది, ఆ టీకాతోనే ఫ్లూ వచ్చింది" అని మా స్టాఫ్‌రూమ్‌లో ఏటా ఎవరో ఒకరు అంటారు. సూది టీకాలో బతికున్న వైరస్ ఉండదు. దానితో ఫ్లూ రావడం కుదరదు. చెయ్యి నొప్పి, ఒకట్రెండు రోజులు కొద్దిగా వెచ్చదనం, ఒళ్ళు నొప్పులు మాత్రం రావచ్చు. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, ఈలోగా వేరే దారిన ఫ్లూ తగిలితే ఆ నింద సూది మీద పడుతుంది. నరాలు చచ్చుబడే గిలియన్ బారె అనే జబ్బు గురించి కూడా వింటుంటాం. పది లక్షల డోసులకి ఒకటో రెండో కేసులు అదనంగా రావచ్చని లెక్క. ఫ్లూ వచ్చినా ఆ జబ్బు రావచ్చు.

ముగ్గురికే అయితే ఏ ముగ్గురికి?

మా ఇంట్లో అసలు గొడవ ఇక్కడే జరిగింది. "చిన్న గుంటడు కదా, ముందు వాడికి వేయించండి" అని అత్తయ్య. "నాకెందుకమ్మా, వయసైపోయింది, మీరేయించుకోండి" అని నాన్న. నన్నడిగితే, ప్రేమను బట్టి వరస పెట్టకూడదు. ఫ్లూ వస్తే ఎవరు ఎక్కువ పోగొట్టుకుంటారో వాళ్ళు ముందు.

మొదటి సూది నాన్నకి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళు, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు చాలా దేశాల జాబితాల్లో పై వరసలోనే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు చదువుతున్నవాళ్ళకి ఒక మాట. డయాలిసిస్ సెంటర్‌కి వారానికి రెండు మూడుసార్లు వెళ్ళే మనిషి అక్కడ నాలుగు గంటలు పదిమంది మధ్య పడుకుంటాడు. ఇంట్లోనే ఉంటారు కదా, ఎక్కడ అంటుకుంటుందిలే అనుకోకండి. వీళ్ళ ఒంట్లో టీకా కాస్త తక్కువగా పనిచేస్తుంది, అందుకే వాళ్ళ పక్కన ఉండేవాళ్ళకి కూడా వేయించాలి. డాక్టరుతో మాట్లాడినప్పుడు హెపటైటిస్ బి టీకా సంగతి కూడా అడగండి, డయాలిసిస్ వాళ్ళకి అదీ కావాలి.

రెండోది మరదలికి. ఇక్కడ ఒక సూదికి ఇద్దరు లాభపడతారు. ఆరు నెలలు నిండని పసిబిడ్డకి ఫ్లూ టీకా వేయకూడదు, వాళ్ళకి ఆ వయసులో టీకానే లేదు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు వేయించుకుంటే ఆమె రక్తంలో తయారైన రక్షణ బిడ్డకి వెళ్ళి, మొదటి నెలల్లో కాపలా కాస్తుంది. ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. కడుపుతో ఉన్నప్పుడు ఫ్లూ తగిలితే తల్లికి కూడా మామూలు కంటే తీవ్రమవుతుంది. "ఈ సమయంలో సూదులేటి" అని పెద్దవాళ్ళు ఆపబోతే, ధనుర్వాతం సూది ఎందుకు వేయించారో గుర్తుచేయండి. మా అమ్మ దగ్గర ఆ మాట పనిచేసింది.

మూడోది అత్తయ్యకి. 68 ఏళ్ళు, షుగరు, బీపీ. ఆ వయసో, షుగరో ఏదో ఒక్కటి చాలు జాబితాలో చేర్చడానికి.

మేనల్లుడు నాలుగో స్థానంలోకి వచ్చాడు. దానికి కారణం లెక్కే. తొమ్మిదేళ్ళలోపు పిల్లలు మొదటిసారి వేయించుకుంటే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడాలి. తర్వాతి ఏడు నుంచి ఒకటి చాలు. ఒక్క డోసు వేసి ఆపేస్తే రక్షణ అరకొరే. అంటే వాడి ఒక్కడి ఖర్చుతో ఇద్దరు పెద్దవాళ్ళకి వేయించొచ్చు. అయితే మీ పిల్లవాడికి ఆయాసమో, గుండెలో రంధ్రమో ఉంటే, లేదా రెండేళ్ళలోపువాడైతే ఈ వరస మారిపోతుంది, వాడే ముందుకొస్తాడు. ఈ మాట అత్తయ్యకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఐదోది అమ్మకి. ఆమెకి ఏ జబ్బూ లేదు, కానీ నాన్నకి అన్నం పెట్టేది, మంచం పక్కన పడుకునేది ఆమే. తర్వాత మా ఆయన, నేను. రోజుకి వందలమందికి టికెట్ కొట్టే మనిషి ఒకరు, నలభైమంది పిల్లల దగ్గుల మధ్య పాఠం చెప్పే మనిషి ఇంకొకరు. మాకు వస్తే మేం పడుకుని లేస్తాం. కానీ ఆదివారం కవిటి వెళ్ళి నాన్న పక్కన కూర్చునేది కూడా మేమే. డబ్బు కుదిరిన ఏడు మేమూ వేయించుకుంటాం. కుదరని ఏడు దగ్గు ఉన్న ఆదివారం ఫోన్లోనే పలకరిస్తాం.

వేయించుకోకూడనివాళ్ళు చాలా తక్కువ. ఇంతకుముందు ఇదే టీకాకి ప్రాణం మీదికి వచ్చేంత అలర్జీ వచ్చినవాళ్ళు వద్దు. గట్టి జ్వరంలో ఉంటే తగ్గాక. గిలియన్ బారె వచ్చిన చరిత్ర ఉంటే డాక్టరుని అడిగి. గుడ్డు పడదని ఆపేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఇప్పుడు దాన్ని అడ్డంకిగా చూడటం లేదు. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళు ముందే చెప్పాలి, సన్న సూదితో వేసి రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటారు.

ఏ టీకా కొనాలి?

ఇందులో ఎక్కువ ఆలోచించకండి. ఇన్‌ఫ్లువాక్ టెట్రా, ఫ్లూక్వాడ్రి, ఫ్లూయారిక్స్ టెట్రా, వాక్సిఫ్లూ-4 లాంటి పేర్లు వినబడతాయి. వీటిలో ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని చెప్పేందుకు ఆధారం నాకు కనబడలేదు. మీ ఊళ్ళో ఏది ఫ్రిజ్‌లో సరిగ్గా చల్లగా ఉందో అదే మంచిది.

మూడు రకాలదా, నాలుగు రకాలదా అని అడుగుతారు. నాలుగు రకాలదానిలో 'ఏ' (A) అనే జాతి వైరస్‌లు రెండు, 'బి' (B) జాతివి రెండు ఉంటాయి. ఆ బి జాతిలోని యమగాటా అనే శాఖ 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా తిరుగుతున్నట్టు నిర్ధారణ కాలేదు. అందుకే మూడు రకాలది చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. నాలుగు రకాలది దొరికితే వేయించుకోండి, తప్పేం లేదు. మూడు రకాలది తక్కువకి దొరికితే తక్కువ రకమేమో అని బెంగపడొద్దు.

ముక్కులో కొట్టే టీకా కూడా ఒకటుంది. సూదికి భయపడే పిల్లలకి బాగుంటుంది గానీ, అందులో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది. గర్భిణులకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకి, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకి, రెండేళ్ళలోపు పిల్లలకి పనికిరాదు. మాలాంటి ఇంటికి సూదే.

పెట్టె మీద చూడాల్సింది సంవత్సరం. ఫ్లూ వైరస్ ఏటా వేషం మారుస్తుంది, అందుకే టీకా కూడా ఏటా మారుతుంది, అందుకే ఏటా వేయించుకోవాలి. పోయిన ఏడాది మిగిలింది అంటగడుతుంటే వద్దని చెప్పండి.

ఒక తికమక. పాప టీకాల కార్డులో హిబ్ అని ఉంటుంది, దాని పూర్తి పేరులో ఫ్లూ అసలు పేరైన ఇన్‌ఫ్లుయెంజా లాంటి మాట వస్తుంది. "మా గుంటడికి ఫ్లూ టీకా గవర్నమెంటులోనే వేసేశారు" అని మా మరదలు ఆ కార్డు చూపించింది. హిబ్ ఒక బాక్టీరియా. 1892లో ఫ్లూకి కారణం అదేనని పొరబడి ఆ పేరు పెట్టారు. అసలు వైరస్ 1933లో గానీ బయటపడలేదు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. పీహెచ్‌సీలో ఉచితంగా వేసే జాతీయ టీకాల పట్టికలో ఫ్లూ టీకా లేదు.

వానలకి ముందా, సంక్రాంతికి ముందా?

టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు చెప్తుంది. ఫిబ్రవరిలో ఉత్తరార్ధ గోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధ గోళానికి. మనం ఉన్నది ఉత్తరార్ధ గోళంలోనే అయినా, మన ఫ్లూ వానల్ని పట్టుకుని నడుస్తుంది. మన దేశంలో చాలాచోట్ల వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య ఇంకోసారి కేసులు పెరుగుతాయి. టీకా బలం నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి ఎప్పుడు వేయించినా ఒక వైపు కాస్త లోటు తప్పదు.

నేను వానలకి ముందు వైపు మొగ్గుతాను. మే నెలాఖరు, జూన్ మొదటివారం. ఆ తర్వాత వచ్చే నాలుగు నెలలు మన వైపు అన్ని జ్వరాలూ కలిసి వచ్చే కాలం. డెంగీ, టైఫాయిడ్, మన్యం వైపు మలేరియా. ఆ గుంపులోంచి ఒక్క ఫ్లూ అవకాశమైనా తగ్గితే డాక్టరుకి పని తేలిక.

విజయనగరంలో ఉండే మా చిన్నాన్న కూతురు లెక్క వేరు. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఇంటికి ఇరవైమంది చుట్టాలు, వీధి నిండా జనం. ఆమె సెప్టెంబరులో వేయిస్తుంది. అదీ సబబే, పండక్కి రెండు వారాల ముందు పడితే చాలు. ఆ సూదే సంక్రాంతికి, అరసవల్లి రథసప్తమి రద్దీకి కూడా పనికొస్తుంది. జూన్‌లో మర్చిపోయాం కదా, మళ్ళీ వచ్చే జూన్ చూద్దాం అనుకోవడమే అన్నిటికంటే చెడ్డ ఎంపిక. గర్భిణికి ఈ కాలెండరు అసలు వద్దు, గుర్తొచ్చిన వారమే వేయించాలి.

ఎక్కడ వేయించుకోవాలి?

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. మొదటి ఏడు నాన్న కోసం శ్రీకాకుళంలో ఒక మెడికల్ షాపులో టీకా కొని, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాను. మే నెల ఎండ. కవిటి చేరేసరికి మూడు గంటలు దాటింది. నర్సమ్మ పెట్టె పట్టుకుని చూసి, "ఇది వెచ్చగా ఉందమ్మా, నేనెయ్యను" అంది. మొదట కోపం వచ్చింది. తర్వాత ఆవిడకి దండం పెట్టాను. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. వేడెక్కినా పాడవుతుంది, ఫ్రీజరులో గడ్డకట్టినా పాడవుతుంది. పాడైన టీకా రంగు మారదు, వాసన రాదు. వేయించుకున్నామన్న ధైర్యం మాత్రం మిగులుతుంది. షాపువాడు ఐసు పెట్టివ్వలేదు నిజమే, నేనూ అడగలేదు.

అందుకని కొనే చోటు, వేసే చోటు ఒకటే కావాలి. పట్నంలో పిల్లల డాక్టర్ల క్లినిక్కులు దీనికి మంచివి. రోజూ టీకాలు వేస్తారు కాబట్టి ఫ్రిజ్ మీద శ్రద్ధ ఉంటుంది, పెద్దవాళ్ళకి కూడా చాలామంది వేస్తారు. పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో ధరకి కన్సల్టేషన్ ఫీజు కలుస్తుంది, కానీ కిడ్నీ, గుండె జబ్బులవాళ్ళకి అదే నయం, మందుల చీటీ చూసి వేస్తారు. ఇంటికొచ్చి వేస్తామనే ఆర్‌ఎంపీ దగ్గర మాత్రం ఈ టీకా వద్దు.

వెళ్ళే ముందు ఫోన్ చేసి ఏ సంవత్సరం స్టాకు, ఎంత తీసుకుంటారు, కరెంటు పోతే ఫ్రిజ్‌కి ఇన్వర్టరో జనరేటరో ఉందా అని అడగండి. మూడో ప్రశ్నకి నవ్వినవాళ్ళున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మా ఊళ్ళో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో వాళ్ళకి తెలీదు.

న్యుమోనియా టీకా దీనికి బదులుగా వేయించుకోవచ్చా అని అడిగితే, బదులు కాదు, తోడు. అది న్యుమోకాకస్ అనే బాక్టీరియా మీద పనిచేస్తుంది, ఏటా అక్కర్లేదు, పెద్దవాళ్ళకి ధర ఎక్కువ. పిల్లలకి ఇప్పుడు ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. నాన్నకి, అత్తయ్యకి అది వచ్చే ఏడు లెక్కలో ఉంది.

టీకా వేసినా జ్వరం వస్తే

వస్తుంది, ఒకోసారి. అప్పుడు చేసే ఎంపికలు టీకా ఎంపిక కంటే ముఖ్యం కావచ్చు.

నొప్పుల మాత్రా, పారాసిటమాలా అంటే, పారాసిటమాలే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి రక్తం వెళ్ళడాన్ని తగ్గిస్తాయి. జ్వరంలో ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఉద్దానంలో ఏ ఇంట్లోనైనా, కిడ్నీ బాగుందని పరీక్షలో తేలినవాళ్ళు కూడా, నొప్పుల ఇంజెక్షన్ అనగానే "వద్దు బాబూ, నాది కిడ్నీ ఇల్లు" అనేయండి. పిల్లలకి ఫ్లూ జ్వరంలో ఆస్పిరిన్ ఇవ్వకూడదు, మెదడుని, కాలేయాన్ని దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ రావచ్చు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు, బాక్టీరియా చేరిందని డాక్టరు అంటేనే.

కొబ్బరినీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. మా వైపు జ్వరం అంటే చెట్టెక్కి బొండాం దింపడమే మర్యాద. మంచి కిడ్నీలున్నవాళ్ళకి అది అమృతమే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి అందులోని పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది, గుండె లయ తప్పుతుంది. ప్రేమతో తెచ్చిన బొండాం వద్దనడం కష్టమే. పక్కింటి మావయ్య తెచ్చినది అమ్మ తీసుకుని తను తాగింది, ఆయన మనసు నొచ్చుకోలేదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లోనూ పొటాషియం ఉంటుంది. వాళ్ళు రోజుకి ఎన్ని నీళ్ళు తాగాలో కూడా డాక్టరే చెప్పాలి.

ఇంట్లో ఉంచి చూద్దామా, తీసుకెళ్దామా అంటే, నాన్న, మరదలు, అత్తయ్య లాంటివాళ్ళని మొదటి రోజే తీసుకెళ్ళాలి. పైన చెప్పిన 48 గంటలు వాళ్ళకోసమే. మిగతావాళ్ళని ఊపిరి అందకపోతే, ఛాతీ నొప్పి వస్తే, పెదాలు నీలంగా మారితే, మగతలోకి పోతే, ఒంటేలు తగ్గిపోతే, తగ్గిన జ్వరం దగ్గుతో మళ్ళీ పైకి లేస్తే ఆగకుండా తీసుకెళ్ళండి. మరీ చిన్నపిల్లలు పాలు మానేసినా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసుకున్నా అంతే.

ఈ జూన్‌లో నాన్న అడగకుండానే చొక్కా చెయ్యి పైకి మడిచారు. కుడి చెయ్యి. ఎప్పుడైనా ఫిస్టులా (డయాలిసిస్ కోసం చేతిలో రక్తనాళాలని కలిపే ఆపరేషన్) అవసరం పడొచ్చని ఎడమ చేతిని డాక్టరు భద్రంగా ఉంచుకోమన్నారు, అందులో సూది పొడవనివ్వకూడదు. డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళు ఈ సంగతి నర్సుకి ముందే చెప్పాలి. తమ్ముడిది మాత్రం ఇంకా బాకీ. వాడు సంక్రాంతికి హైదరాబాద్‌లో కిక్కిరిసిన జనరల్ బోగీ ఎక్కి, రాత్రంతా పదిమంది దగ్గుల మధ్య నిలబడి వచ్చి, తెల్లారి నేరుగా నాన్న మంచం మీదే కూర్చుంటాడు. డిసెంబరు నెలాఖరులోగా అక్కడే వేయించుకోమని నిన్న డబ్బులు పంపాను. "నాకేం అక్కా, నేను బాగానే ఉన్నాను కదా" అన్నాడు. నీ కోసం కాదురా అన్నాను.